జర జరుగుండ్రి

ఆ రోజుల్లో మా వైపు ఎవరైనా "ఏం చదువుతున్నవమ్మా?" అని అడిగితే నాకు పెద్ద చిక్కే వచ్చి పడేది. డాక్టరు చదువంటే అందరికీ తెలుసు, టీచరు ట్రైనింగంటే ఇంకా బాగా తెలుసు. "మూడు నాలుగు వందల ఏళ్ల కిందట నగరాల్లో జనం ఎట్లా బతికారో పరిశోధన చేద్దామనుకుంటున్నాను" అని నేను చెబితే, ఎదుటివాళ్లు కాసేపు ఆలోచించి, "అయితే బస్సు పాసు ఇస్తరా?" అనేవారు. వాళ్లననుకుని ఏం లాభం. మా నాన్న భద్రాచలం అవతల, చర్ల రోడ్డు మీద, అడవిని ఆనుకుని ఉన్న ఒక ఊళ్లో బడిపంతులు. ఊరికి ఉన్నది ఒకటే దారి. రెండు ఎడ్లబండ్లు ఎదురుపడితే ఆ పూటకు అదే మాకు ట్రాఫిక్ జామ్. అలాంటి చోట పెరిగి, ఖమ్మంలో బి.ఏ., హైదరాబాదులో హాస్టలు గోడల మధ్య ఎం.ఏ. వెలగబెట్టి, పాత నగరాల బజార్ల గురించీ కొత్వాళ్ల గురించీ (అంటే ఆ కాలపు పోలీసు పెద్దల గురించి) అనర్గళంగా మాట్లాడేదాన్ని గాని, ఒక్కదాన్నే రోడ్డు దాటాల్సి వస్తే మాత్రం ఎవరైనా పెద్దమనిషి దాటేదాకా ఆగి, ఆయన వెనక నక్కి దాటేదాన్ని.

పరిశోధనకు స్కాలర్‌షిప్ కోసం ఒకసారి ఇంటర్వ్యూకు వెళ్లి అప్పటికే చేతులు ఊపుకుంటూ తిరిగొచ్చాను. ఛైర్మన్ సారు (బట్టతల, మందపాటి కళ్లద్దాలు, మనం మాట్లాడుతుంటే కిటికీలోంచి బయటికి చూసే అలవాటు) "నగరం అంటే ఏమిటమ్మా?" అని అడిగారు. కోటగోడ, బజారు, జనాభా, పన్నులు, అధికారులు అంటూ కంఠతా పట్టిందంతా అప్పజెప్పాను. ఆయన చూపు కిటికీలోంచి తిప్పకుండానే, "ఇవన్నీ పెద్ద జాతరలో కూడా ఉంటాయి. అంగళ్లుంటాయి, జనముంటారు, పోలీసులుంటారు. జాతరకూ నగరానికీ తేడా ఏమిటి?" అన్నారు. నేను చదివిన పుస్తకాలన్నీ మనసులో తిరగేశాను. చివరికి "జాతరకు గోడ ఉండదు సార్" అన్నాను. ఆయన కిటికీలోంచి మరీ దూరంగా చూశారు. ఇంటికొచ్చాక నాన్న విసుక్కోలేదు గాని, "ఇంకొక్కసారి పో. అప్పుడు గూడ రాకపోతే మారు మాట్లాడకుండ బి.ఎడ్.ల చేరాలె" అని తేల్చేశారు. ఆయన తప్పేమీ లేదు. పంతులు జీతం, నా వెనక ఇద్దరు తమ్ముళ్లు.

రెండోసారి పిలుపు నట్టనడి వానాకాలంలో వచ్చింది. బడి వదిలి నాన్న రాలేరు కనుక మా మేనత్త తోడు బయలుదేరింది. ఆమె నాన్నకు అక్క. మామయ్య పోయాక ముదిగొండ వైపు నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది. మా దగ్గర పట్నం అంటే హైదరాబాదే, ఇంకో అర్థం లేదు. ఆ పట్నం మీద అత్తకు సదభిప్రాయం లేదు. ఎన్నడూ చూడలేదు కనుక ఆ అభిప్రాయం మరింత గట్టిగా ఉండేది. "పట్నంల మనిషికి మనిషి కానరాడు బిడ్డా. పక్కింట్ల పీనుగు లేసినా తలుపు తియ్యరట" అనేది. నేను చదవబోయేది ఆ పట్నం గురించే కదా అత్తా అంటే, "రోగం గురించి డాక్టరు చదవడా? గట్లనే నువ్వు చదువు" అని దీవించింది. సకినాల డబ్బా, పులిహోర మూట, ఇత్తడి చెంబు ఉన్న సంచీని ఒళ్లో పెట్టుకుని, బస్సు కదలకముందే నాకు ఆజ్ఞ జారీ చేసింది: "దారిల ఎవరేమిచ్చినా ముట్టకు. ఎవరితోటి మాట్లాడకు."

వానలని తెలిసి రెండు రోజులు ముందుగానే బయలుదేరాం. ఒక వాగు దాటాం. రెండో వాగు దగ్గర చప్టా మీద నుంచి ఎర్రనీళ్లు మనిషెత్తున పోతున్నాయి. డ్రైవరు బస్సు వెనక్కి తిప్పి మొదటి వాగు దగ్గరికొచ్చేసరికి అదీ పొంగింది. మధ్యలో చిక్కింది మా బస్సొక్కటే కాదు. అప్పటికే ఒక ఎక్స్‌ప్రెస్ బస్సు, వెదురు లారీ ఒకటి, ఇంకా నాలుగైదు లారీలు రోడ్డు పక్కన బారులు తీరి ఉన్నాయి. మా కండక్టరు మెట్టు మీద నిలబడి, "ఎవరూ పరేషాన్ గావద్దు. నీళ్లు తగ్గితే పోతం. తగ్గకపోతే ఈడనే ఉంటం" అన్నాడు. అంత స్పష్టమైన ప్రభుత్వ ప్రకటన నేను మళ్లీ ఎన్నడూ వినలేదు.

మొదటి పూట ఎవరికి వారే. అందరూ తమ తమ సంచులు కావలించుకుని, పక్కవాణ్ణి దొంగను చూసినట్టు చూస్తూ కూర్చున్నారు. అత్త అయితే చెంబు మూతి కూడా కొంగుతో కప్పింది. సాయంత్రానికి ఎక్స్‌ప్రెస్ బస్సు పైకప్పు కారడం మొదలై అక్కడి జనం మా బస్సులోకి ఎక్కారు. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె మా సీటు దగ్గరికొచ్చి, "జర జరుగుండ్రి పెద్దమ్మా" అంది. అత్త ఆమెను చూసింది, పిల్లను చూసింది, సంచీని చూసింది. జరిగింది. ఆ వెనకే ఖమ్మం నుంచి దుప్పట్లు అమ్ముకోవడానికి వచ్చిన సాయిబు ఒకాయన తలమీద మూటతో ఎక్కి, "జర జరుగుండ్రమ్మా, మాల్ తడుస్తున్నది" అన్నాడు. అత్త మళ్లీ జరిగింది. కిటికీ ఊచలకు అతుక్కుపోయి ఇంక జరగడానికి చోటులేనిదాన్ని నేనే.

తెల్లారి వాన కాస్త తెరిపివ్వగానే మా రోడ్డు మీద ఒక ఊరు లేచింది. కండక్టరు ఆడవాళ్లకు ఎడమ దిక్కు అడవి, మగవాళ్లకు కుడి దిక్కు అడవి అని పంచాడు ("మాట తప్పినోన్ని బస్సెక్కనియ్య"). వెదురు లారీ డ్రైవరు మొదట గయ్‌మన్నా తర్వాత తానే బొంగులు దించి ఇచ్చాడు. సాయిబు వాటి మీద దుప్పట్లు కట్టి పందిళ్లు వేశాడు. "తడిసిన దుప్పటి ఎట్లైనా అమ్ముడువోదు, నీడకన్న అక్కరకొస్తది" అన్నాడు. ఒక లారీలో బియ్యం, ఇంకొకదాంట్లో ఉల్లిగడ్డలు ఉన్నాయని తెలియగానే మా అత్త మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసింది. దగ్గరి కోయగూడెం ఆడవాళ్లు కాల్చిన మొక్కజొన్న పొత్తులూ అడ్డాకులూ తెచ్చారు. అత్త తెలుగులో, వాళ్లు కోయభాషలో చాలాసేపు బేరమాడుకుని, ఒక్క మాటా అర్థం కాకుండానే ఇరుపక్షాలూ సంతోషంగా విడిపోయారు. మధ్యాహ్నానికి మాకు చిరునామాలు కూడా వచ్చాయి: "వెదురు లారీ ఎనక", "దుప్పట్ల పందిరి పక్కపొంటి". ఎక్స్‌ప్రెస్ బస్సువాళ్లు ఆర్డినరీ బస్సువాళ్లకంటే తాము కాస్త ఎక్కువ అన్నట్టు నడిచేవారు, పైకప్పు కారేది వాళ్లదే అయినా. ఈ చివర "నీళ్లు జానెడు తగ్గినయట" అని బయలుదేరిన మాట ఆ చివరికి చేరేసరికి "మంత్రి వస్తుండట" అయ్యేది.

ఎవరేమిచ్చినా ముట్టొద్దన్న మనిషి అందరి ఆకుల్లోంచీ తింది. సకినాల డబ్బా ఎక్స్‌ప్రెస్ బస్సువాళ్ల దాకా వెళ్లి ఖాళీగా తిరిగొచ్చింది. గొడుగు పట్టుకున్న ఒక పెద్దమనిషి పొయ్యి పొగ తన మీదికి వస్తోందని కసిరితే, "పొగకు చెవులున్నయా సారూ? మీరే జర జరుగుండ్రి" అంది. ఆయన జరిగాడు. సాయంత్రం ఆయనే కట్టెలు మోశాడు.

ఇదంతా నేను గమనించి రాసుకున్నానని మీరు అనుకుంటే పొరపాటు. నేను బస్సులో కూర్చుని, నగరానికి పండితులిచ్చిన నిర్వచనాలు వల్లె వేస్తూ, మధ్యమధ్య ఏడుస్తూ ఉన్నాను. కిటికీ బయట పట్నం కడుతుంటే లోపల పట్నం గురించి చదువుతున్న ఘనత నాది. "అత్తా, నా ఇంటర్వ్యూ పోయినట్టే. బి.ఎడ్.ల చేరుడే" అన్నాను. ఆమె కత్తి నా చేతికిచ్చి, "ఏడ్చేదేదో ఉల్లిగడ్డలు తరుక్కుంట ఏడువు, పనన్న అయితది" అంది. దిగి పొయ్యి దగ్గర కూర్చున్నాను. నాలుగు దిక్కుల నుంచీ ఒకటే మాట వినబడుతోంది. నీళ్ల బిందెతో వచ్చినామె, పిల్లను పడుకోబెట్టేటాయన, ఆకు పట్టుకుని నిలబడ్డ డ్రైవరు, అందరిదీ అదే: జర జరుగు, జర జరుగుండ్రి. అప్పుడు నాకు జ్ఞానోదయమేమీ కాలేదు. ఉల్లిగడ్డలకు కళ్లు మండుతున్నాయంతే.

ఇంటర్వ్యూ రోజు తెల్లవారుతుండగా రెండో వాగు తగ్గింది. కండక్టరు కర్ర పట్టుకుని ముందు తాను నడిచి చూసి, రమ్మని చెయ్యూపాడు. కాసేపట్లో మా ఊరు ఊరంతా బస్సులెక్కి మాయమైంది. పొయ్యిరాళ్లూ అడ్డాకులూ మిగిలాయి. మలుపు తిరిగేదాకా అత్త వెనక్కి చూస్తూనే ఉంది. "మంచిగుండె బిడ్డా. ఎవరి పేరు గూడ అడగకపోతిమి" అంది.

ఎన్ని బస్సులు మారామో, ఎట్లా చేరామో, పొద్దు వాలేవేళకు యూనివర్సిటీలో పడ్డాం. ఇంటర్వ్యూ బోర్డువాళ్లు ఫైళ్లు సర్దుకుంటున్నారు. మోకాళ్లదాకా బురద చీరతో లోపలికి వెళ్లి, వాగు సంగతి చెప్పి దండం పెట్టాను. ఛైర్మన్ సారు కిటికీ వైపు చూస్తూనే, "వచ్చారు కనుక అడుగుతాను. నగరం అంటే ఏమిటి?" అన్నారు. కంఠతా పట్టిందంతా వాగులో కొట్టుకుపోయినట్టుంది. ఒక్కటీ గుర్తు రాలేదు. చెవుల్లో మాత్రం ఆ ఒక్క మాట మోగుతోంది.

"ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి 'జర జరుగుండ్రి' అంటే, జరిగే మనుషులుండే చోటు సార్" అన్నాను.

ఆయన కిటికీ వదిలి నన్ను చూశారు. "మరి జాతర?"

"జాతరలో నెట్టుకుంటారు సార్. ఎట్లాగూ రేపు ఇంటికి పోయేదే కదా అని. అక్కడే ఉండాలని తెలిస్తేనే జరుగుతారు."

"ఇది ఎవరి నిర్వచనం?"

అబద్ధం చెప్పడానికి ఒక్క పండితుడి పేరైనా నోటికి రాలేదు. "మా మేనత్త సార్. బయట బెంచీ మీద కూర్చుంది" అన్నాను.

బోర్డులో ఎవరో దగ్గినట్టు నవ్వారు. ఛైర్మన్ సారు మాత్రం నవ్వకుండా ఆమెను పిలిపించారు. అత్త సంచీతో సహా లోపలికొచ్చి, గదంతా ఒకసారి చూసింది. ఖాళీ కుర్చీ లేదు. సారు కూర్చున్నది ఇద్దరు పట్టే పాత సోఫా. రెండు రోజుల అలవాటు కొద్దీ ఆమె నేరుగా ఆయన దగ్గరికి వెళ్లి, "జర జరుగుండ్రి సారూ, నడుము లాగుతున్నది" అంది.

ఆయన జరిగారు. జరిగాక, తాను జరిగానని ఆయనకే తెలిసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఎంత నవ్వారంటే, అత్త భయపడి చెంబులో నీళ్లు ఇవ్వబోయింది. "పట్నపోల్లు మంచోల్లే బిడ్డా" అని తిరుగు ప్రయాణంలో తీర్పు చెప్పింది. స్కాలర్‌షిప్ వచ్చిన కాగితం చూపిస్తే నాన్న చాలాసేపు చదివి, "సరే, బి.ఎడ్. ఏడికి పోతది" అన్నారు. ఆయన కూడా ఆ విధంగా కొంచెం జరిగారన్నమాట.

ఆ తర్వాత చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను, పాత నగరాల మీద పుస్తకాలు రాశాను. చరిత్ర అంటే జరిగింది, అని మొదటి రోజు క్లాసులో చెప్పి, ఆ 'జరిగింది' దగ్గర ఒక క్షణం ఆగేదాన్ని. మేడమ్ పాఠం మరిచిపోయిందని పిల్లలు నవ్వుకునేవారు. నాకు ఆ సీటూ, చంటిపిల్లా, కిటికీ ఊచలూ కనబడేవి. నా చదువూ ఉద్యోగమూ అన్నీ ఎవరో ఒకరు జరిగితే దొరికిన చోటే. ఆ రుణం నేను మరిచిపోలేదు.

అత్త ఇప్పుడు లేదు. బస్టాండులో, దవాఖానాలో, ఏ బెంచీ మీదనైనా నేను ఒక మూలకు జరిగే కూర్చుంటాను, బెంచీ అంతా ఖాళీగా ఉన్నా సరే. వచ్చినవాళ్లు ఆ చోటు చూసి, "ఎవరన్నా ఉన్నరా మేడమ్?" అని అడుగుతారు. ఒక్క క్షణం ఆగి, "లేరు, కూర్చోండి" అంటాను.