మహరూస్ గుండెపట్టీ

రొట్టెల మహరూస్‌ను ఎరగనివాడు నైలు ఒడ్డు ఇంబాబా పేటలో లేడు. నెత్తిమీద మంచమంత తడిక, దాని నిండా పొంగిన వేడివేడి రొట్టెలు, తడికను పట్టుకుని పైకెత్తిన ఎడమ చెయ్యి, సైకిల్ హ్యాండిల్ మీద కుడి చెయ్యి. ఆ అవతారంతోనే ఆటోల మధ్యనుంచి, గాడిద బండ్ల పక్కనుంచి దూసుకుపోతాడు. తల మాత్రం ఇంచు కదలదు. కదిలిందా, వీధి పొడవునా రొట్టెలే.

వాళ్ల నాన్న కూడా రొట్టెలే మోశాడు. నైలు మీది వంతెన ఎక్కుతూ ఎక్కుతూ సగంలో గుండె ఆగి పడిపోయాడు. అప్పటికి మహరూస్‌కు మీసాలైనా రాలేదు. దినాలు కాగానే అదే సైకిలు ఎక్కాడు. ఎక్కక ఏం చేస్తాడు పాపం, బట్టీ ఎవరికోసమూ ఆగదు.

ఇంత కష్టంలోనూ ఆయనకు ఒక పిచ్చి ఉంది. రంజాన్‌కు ముందొచ్చే శుక్రవారం పేటలోని రొట్టెలవాళ్లంతా పందెం పెట్టుకుంటారు. నిండు తడికతో బట్టీ దగ్గర బయలుదేరి, వంతెన దాటి, అవతలి ఒడ్డున ఉడికిన చిక్కుడుగింజలమ్మే బండిని ముందు ముట్టుకున్నవాడిదే గెలుపు. ఒక్క రొట్టె జారినా ఓడినట్టే. గెలిచినవాడికి రంజాన్ నెలంతా పొయ్యిలోంచి దిగే మొదటి వాయి ఇస్తారు. మొదటి వాయి దొరికినవాడు పొద్దుగూకేలోగా పంపకం ముగించుకుని, పెళ్లాంబిడ్డలతో కూర్చుని ఉపవాసం విడుస్తాడు. మహరూస్‌కు ఆ భాగ్యం ఒక్క ఏడూ దక్కలేదు. ఉపవాసం విడవమని ఫిరంగి మోగేవేళకు ఆయన ఏ వీధి మలుపులోనో ఉంటాడు. ఒంటికాలు నేలమీద ఆనించి, జేబులోని ఖర్జూరం నోట్లో వేసుకుని, మళ్లీ తొక్కుకుంటూ పోతాడు. ఏటేటా పందెం కొట్టుకుపోయేవాడు షహాతా. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, దానికి తోడు నోరు.

ఈసారి ఎలాగైనా గెలవాలని మహరూస్ చలికాలం నుంచే కాళ్లు గట్టిపరుచుకుంటున్నాడు. అదిగో అప్పుడే, సరిగ్గా నాన్న పడిపోయిన చోటే, కళ్లు బైర్లు కమ్మాయి. ఎలాగో దిగి వంతెన పిట్టగోడకు ఆనుకున్నాడు. రొట్టె ఒక్కటీ పడలేదు గానీ సంగతి ఇల్లు చేరింది. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, గుండెలో లోపమేమీ లేదన్నాడు. సైకిలు మానక్కర్లేదు గానీ ఎక్కుడులో గుండె వేగం నూట అరవై దాటనివ్వొద్దన్నాడు. మహరూస్ మొదటి మాట పట్టుకుని బయటికొచ్చాడు. భార్య ఇన్షిరా రెండో మాట పట్టుకుంది.

"మామగారిని ఆ వంతెన మింగింది. నిన్ను మింగనివ్వను," అంది. "నంబరు చూపించు, పందెం తొక్కు. నంబరు లేదా, తడిక గోడకు ఆనించి ఇంట్లో కూర్చో."

సరే, నంబరు ఎక్కడ దొరుకుతుంది? పెద్దబజారులో అద్దాల తలుపుల దుకాణానికి వెళ్లి సైకిలువాళ్లు పెట్టుకునే, గుండెను లెక్కపెట్టే గడియారాల ధరలు అడిగితే, తొక్కకుండానే గుండె నూట అరవై దాటేట్టుంది. మందుల షాపులో వేలికి తగిలించే క్లిప్పు ఒకటి చవగ్గా ఇచ్చారు. అది మొదటి గుంతకే ఎగిరి మురిక్కాలవలో పడింది. చివరికి శుక్రవారం సంతలో, ఎవరో వాడి అమ్మేసిన చేతిగడియారం దొరికింది. మణికట్టు కింద పచ్చలైటు మినుకుమినుకుమంటుంది, ఎక్కిన అతిపెద్ద నంబరు దాచిపెట్టుకుంటుంది. మహరూస్ మురిసిపోయి, అందరిలాగే ఎడమ చేతికి కట్టేసుకున్నాడు.

రోజూ ఇంటికొచ్చి గడియారం చూపించడం, తొంభై దాటలేదని భార్య తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడం. ఆ సంతోషంలో ఒకనాడు క్యాబేజీ ఆకుల్లో బియ్యం చుట్టి ఇంత పెద్ద గిన్నెడు వండిపెట్టింది కూడా. మహరూస్‌కు లోలోపల ఎక్కడో తేడా కొడుతూనే ఉంది. వంతెన మీద ఊపిరి అందక చస్తుంటే ఈ గడియారమేమో పడుకున్నవాడి నంబరు చూపిస్తుందేమిటి? కానీ నోరు విప్పితే పందెం పోతుంది. అందుకని మూసుకున్నాడు.

ఇన్షిరా మూసుకునే రకం కాదు. ఒకరోజు తన తమ్ముడు దాహీ ఆటోలో వచ్చి వంతెన నడిమధ్యన మాటు వేసింది. మొగుడు రొప్పుకుంటూ రాగానే ఆపి, మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి, ఫోనులో టైము చూసుకుంటూ లెక్కపెట్టింది. వేళ్ల కింద నూట డెబ్బై మించి కొట్టుకుంటోంది. పైన గడియారంలో తొంభైయే.

"ఆ చెయ్యి కిందికి దించు," అంది.

తడికను దాహీ పట్టుకున్నాడు. చెయ్యి దించిన కాసేపటికి గడియారం నిద్రలేచింది. నంబరు చకచకా పైకెక్కింది. ఎత్తి ఉంచిన చేతిలో నెత్తురు పారక పచ్చలైటుకు ఏమీ చిక్కలేదన్నమాట. రోజంతా చెయ్యి పైకెత్తి సైకిలు తొక్కే మనుషులుంటారని దాన్ని చేసినవాడికి మాత్రం ఏం తెలుసు.

"నువ్వు పోయాక కూడా ఇది తొంభై అనే చెప్పేట్టుంది," అంది ఇన్షిరా. మహరూస్ తల దించుకున్నాడు. తడిక లేనప్పుడే కదా ఆ వీలుండేది.

కుడిచేతికి మార్చి చూశారు. హ్యాండిల్ అదురుకు అది గుంతల్ని లెక్కపెట్టింది. అప్పుడు సైకిళ్లు బాగుచేసే బిషారా, ఛాతీకి కట్టుకునే పట్టీ అయితే చేతులతో పనిలేదని, పేరున్న కంపెనీదే కానక్కర్లేదని చెప్పాడు. ఈసారి సంతకు ఇన్షిరా తనే వచ్చింది. నడుం బెల్టుల గుట్టలో పేరూ ఊరూ లేని పట్టీ ఒకటి దొరికింది. సాగుగుడ్డ చచ్చిపోయింది గానీ ఫోనుకు నంబరు పంపే పెట్టె బతికే ఉంది. అమ్మేవాడు ఒట్లు పెట్టుకుంటుంటే ఆమె వినిపించుకోలేదు. మొగుడికి అక్కడే కట్టించి, సంత చుట్టూ పరుగెత్తించి, మెడ మీద వేళ్లు పెట్టి, ఫోనులో పడే నంబరుతో పోల్చి చూసుకుంది. జనం మూగి నవ్వుతున్నా మూడుసార్లు పరుగెత్తించింది. మూడుసార్లూ సరిపోయాకే గడియారం ధరలో సగానికి బేరం తెగ్గొట్టింది. ఇంటికొచ్చి కొత్త సాగుగుడ్డ కుట్టింది.

ఇంకో చిక్కు మిగిలింది. నెత్తిన తడిక ఉన్నవాడు తల వంచి ఫోను చూడలేడు. ఫోనేమో నాలుగు బారలు దూరమైతే పట్టీ మాట వినదు.

"నేను చూస్తాను. నువ్వు విను," అంది ఇన్షిరా.

అలా పందెం రోజున మహరూస్ పక్కనే దాహీ ఆటో నిలబడింది. వెనక సీట్లో ఇన్షిరా, చేతిలో ఫోను. షహాతా చూసి పకపకా నవ్వాడు. "ఏం మహరూస్, ఈ ఏడు అత్తారింటి కాపలా కూడా తెచ్చుకున్నావా?" అన్నాడు. బట్టీ ముందు జనమంతా గొల్లుమన్నారు. మహరూస్ చెవులు ఎర్రబడ్డాయి.

ఈల పడింది. తడికలన్నీ ఒక్కసారి గాల్లోకి లేచి వీధిలోకి ఉరికాయి. జనం చప్పట్లు, ఆటో హారన్లు, కాలిన రొట్టె వాసన. వంతెన మొదట్లో మహరూస్ అందరికన్నా ముందున్నాడు. ఒళ్లంతా పులకరించింది. పక్కన ఇన్షిరా అరుస్తూనే ఉంది. నూట నలభై ఎనిమిది. నూట యాభై అయిదు. నూట యాభై తొమ్మిది.

"నెమ్మదించు."

నాన్న పడ్డ చోటు వచ్చింది. కాళ్లు ఇంకా తొక్కమంటున్నాయి. వెనకనుంచి షహాతా బుసకొట్టుకుంటూ వచ్చి, ఓ నవ్వు విసిరి దాటిపోయాడు. మహరూస్‌కు ఏడుపొచ్చింది. అయినా వేగం తగ్గించాడు. ఈసారి హద్దు దాటితే తప్పు గడియారానిది కాదు, తనది; దాన్ని కళ్లారా చూసేది ఆటోలో కూర్చున్న మనిషి.

వంతెన దిగుడు మొదలైంది. నంబరు దిగుతూ వచ్చింది. ముందు షహాతా తడిక ఊగడం కనిపించింది. ఉన్న ఊపిరంతా అతను ఎక్కుడులోనే తగలేసుకున్నాడు. చిక్కుడుగింజల బండి అల్లంత దూరంలో ఉంది. ఇన్షిరా గొంతు వినిపించడం లేదు. మహరూస్ తల తిప్పలేడు, అడగడానికి ఊపిరి లేదు. అప్పుడు వినిపించింది.

"నూట నలభయ్యే. ఇంకా బోలెడుందయ్యా. తొక్కు."

పెళ్లయిన నాటినుంచి నెమ్మది, జాగ్రత్త, దిగు అన్నదే తప్ప, తొక్కు అన్న మాట ఆ నోట ఆయన వినలేదు. ఇక చూడండి. సైకిలు నేలమీద ఆనిందో లేదో ఆయనకే తెలియదు. షహాతాను దాటినప్పుడు ఏదో తిట్టు వినిపించింది, చెవికెక్కలేదు. బండి చెక్కకు ముందు చక్రం తగిలాక చూసుకుంటే తడిక మీద రొట్టెలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

ఆటో దిగి వచ్చిన ఇన్షిరా ఇంకా ఫోనే చూస్తోంది. మహరూస్ ఆమె చెయ్యి పట్టుకుని, ఆమె నేర్పినట్టే రెండు వేళ్లు మణికట్టు మీద పెట్టాడు.

"నాది దిగిపోయింది. నీదే ఇంకా వంతెన మీద ఉంది," అన్నాడు.

ఆమె చెయ్యి విదిలించుకుని కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటే అంది.

రంజాన్ మొదటి సాయంత్రం ఫిరంగి మోగేసరికి మహరూస్ ఇంట్లో ఉన్నాడు. పిల్లలు పళ్లాల ముందు కూర్చున్నారు. ఆయన అలవాటు కొద్దీ ఒంటికాలు ఆనించి నిలబడి ఖర్జూరం నోట్లో వేసుకోబోయాడు. ఇన్షిరా చొక్కా పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టింది.