ఖాళీ కడుపు పరీక్ష

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో మూడు వందల మందికి వండే ఆవిడను అందరూ వంటక్క అనే పిలుస్తారు. బరువు నూట పద్దెనిమిది కిలోలు. అదెలా వచ్చిపడిందో ఆవిడకే అంతుపట్టదు. "పొద్దున ఓ ముద్ద, రాత్రి ఓ ముద్ద. గాలి పీల్చినా లావెక్కే ఒళ్ళు నాది," అంటుంది. మోకాళ్ళు మాత్రం ఆ మాట నమ్మలేదు. గంటసేపు పొయ్యి ముందు నిలబడలేని స్థితి వచ్చేసరికి, ఇకనుంచి ఓ మూల కూర్చుని కూరగాయలు తరగమన్నాడు మేనేజరు. ఇరవై ఏళ్ళు గరిటె తిప్పిన మనిషి ఉల్లిపాయల దగ్గర కూర్చుంటుందా? అందుకే బరువు తగ్గించే ఆపరేషన్‌కి సరేనంది, అప్పటిదాకా స్టూలు మీద కూర్చునైనా తనే వండుతానని మేనేజరును ఒప్పించింది.

ఆపరేషన్ మాట దేవుడెరుగు, ముందు పరీక్షలు మొదలయ్యాయి. ఏడు గొట్టాల రక్తం తీస్తే, "ఆ బరువు నా లెక్కలోంచి కొట్టేశారా?" అని నర్సును అడిగింది. గుండెకు తీగలు అంటించారు. కడుపు స్కానింగ్ చేశారు. ఊపిరితిత్తుల బలం చూడాలి, గొట్టంలోకి ఊదమంటే, మంట ఎగదోసే అలవాటుకొద్దీ ఒక్క ఊపు ఊదింది. మనసు డాక్టరు, "కోపం వస్తే ఎక్కువగా తింటారా?" అన్నాడు.

"కోపం వస్తే వండుతానండీ. తినేది వాళ్ళు."

ఇక మిగిలింది ఎండోస్కోపీ. గొంతులోంచి కెమెరా దించి కడుపు లోపల చూస్తారు. ముందురోజు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. సెలవులన్నీ పాత పరీక్షలకే అయిపోయాయి కాబట్టి, తెల్లవారుజామునే వెళ్ళి వంట ముగించుకుని పది గంటలకల్లా ఆస్పత్రికి చేరింది.

"ఏమైనా తిన్నారా?" అన్నాడు డాక్టరు.

"మెతుకు ముట్టలేదండీ." అబద్ధమాడుతున్నానన్న అనుమానం ఆవిడకు లేశమైనా లేదు.

కెమెరా లోపలికి దిగింది. తెర మీద ఒక బఠాణీ గింజ కనిపించింది, నున్నగా, చెక్కు చెదరకుండా. దాని పక్కనే క్యారెట్ ముక్క. డాక్టరు వెంటనే గొట్టం బయటికి లాగేశాడు.

"ఇదేంటమ్మా?"

"అది తినడం కాదండీ. ఉప్పు చూడటం."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. వంటక్క కళ్ళు తెరిచే తాగింది, తాగుతున్నానని తెలియలేదు, అంతే. కూర ఉడుకుతున్నంతసేపూ గరిటెతో తీసి అరచేతిలో వేసుకుని నాకుతుంది. పొద్దుటి నుంచి పొయ్యి కట్టేసేదాకా ఎన్నిసార్లో ఎవరూ లెక్కపెట్టలేదు. డాక్టరు ఖండితంగా చెప్పేశాడు: మళ్ళీ గురువారం రావాలి, ఆ రోజూ కడుపు ఖాళీగా లేకపోతే ఆపరేషన్ వరస వేరేవాళ్ళకు పోతుంది.

గురువారం వచ్చింది. పొయ్యి మీద కూర కుతకుతలాడుతోంది. చెయ్యి దానంతటదే గరిటె మీదికి పోతుంటే వంటక్కకు ఏడుపొచ్చినంత పనైంది. రుచి చూడకుండా వడ్డిస్తే పరువు పోతుంది, చూస్తే ఆపరేషన్ పోతుంది. చివరికి అదే క్యాంటీన్‌లో కూపన్లు చింపే భర్తను పిలిచింది. పెట్టింది తిని లేచి వెళ్ళడం తప్ప నోరు విప్పి ఎరగని మనిషి.

"ఏవండీ, ఇది కాస్త చూడండి."

ఆయన చూశాడు. గరిటె తిరిగి ఇచ్చేశాడు.

"చెప్పండి, ఉప్పు తక్కువైందా?"

"ఎక్కువైంది."

"ఈ ఒక్కరోజు చూడకపోయేసరికి ఎంత పనైందో."

"ఈ ఒక్కరోజు కాదు. ఎప్పుడూ ఎక్కువే."

పొద్దస్తమానం ఉప్పు నాకే నాలుకకు ఉప్పు తెలియదన్న సంగతి వంటక్కకు ఆ క్షణాన తట్టింది. పైకి మాత్రం గరిటె ఠంగుమనిపించి, కూరలో రెండు చెంబుల నీళ్ళు పోసింది.

ఆ రోజు కెమెరాకు ఏమీ దొరకలేదు. డాక్టరు సంతకం పెట్టి వచ్చే నెల ఆపరేషన్‌కి తేదీ రాసిచ్చాడు. మళ్ళీ పొయ్యి ముందు నిలబడే రోజు చేతిలోకొచ్చినా, ఆవిడ మనసు ఆ కాగితం మీద లేదు. వరండాలో బెంచీ మీద భర్త పక్కన కూలబడింది.

"ఇరవై ఏళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదుగా."

నిజమే. మేనేజరును అడిగింది, మెషీన్ల దగ్గరి వాళ్ళను అడిగింది, వాళ్ళంతా మొహమాటానికి బాగుందన్నారు. కూర ఎలా ఉందని ఈయన్ని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. వంటక్కకు సిగ్గేసింది.

"రేపట్నుంచి రోజూ అడుగుతాను," అంది మెల్లగా.

ఆయన ఆవిడ వైపు తిరిగాడు. "అడిగితే నిజమే చెప్తాను మరి. తట్టుకోగలవా?"

ఆ ఒక్క పరీక్షా డాక్టర్లు రాయలేదు.