పెద్ద చిలువ

నందిగామలో మా బడి ప్యూను ఏలీయా అబద్ధమాడగా నేను విన్నది ఒక్కసారే. అది 1958 శీతాకాలం.

ఆదివారం ఆరాధన అవగానే ఏలీయా ఊరి బయట రోడ్డు పక్కనున్న చెరువు కట్టెక్కి కూర్చునేవాడు. చిలువలని, ఈల వేసుకుంటూ ఎగిరే అడవి బాతులు, అవంటే అతనికి ప్రాణం. ఒక సోమవారం స్టాఫ్ రూములో కూజా నింపుతూ, "మాస్టారూ, నిన్న పెద్ద చిలువలు దిగాయండి, జత" అన్నాడు.

పెద్దవేమిటి, చిన్నవేమిటి అన్నాను.

"చూడ్డానికి అక్కాచెల్లెళ్లేనండి. రెండూ గోధుమరంగే. పెద్దది కాస్త ఒళ్లున్న మనిషి. చిన్నదానికి తోక మొదట్లో ఇటుకరంగు, దీనికి తెలుపండి, మల్లెదండ చుట్టినట్టు. ఎగిరితేగాని కనపడదు."

నేను సైన్సు మాస్టర్ని, పైగా బెజవాడలో కొన్న పక్షుల పుస్తకం ఉన్నవాణ్ణి. "అది బెంగాలు వైపు పక్షి, ఇక్కడికి రాదు" అని బొమ్మ చూపించి మరీ కొట్టిపారేశాను. ఏలీయా ముఖం చిన్నబోయింది.

"నా మాట అబద్ధమైతే నన్ను ఏలీయా అనొద్దండి" అన్నాడు.

ఆ సంగతి బడి కమిటీ మెంబరు దశరథరామయ్యగారి దాకా వెళ్లింది. ఆయనకు తుపాకీ ఉంది. చిన్న చిలువలు నీచువాసనని వాటిమీద తూటా దండగ చేసుకోరు. "పెద్దదొకటి పడితే తేలిపోతుంది" అన్నారు.

మరుసటి ఆదివారం ముగ్గురం కట్టెక్కాం. తుంగలోంచి చిలువలు లేచాయి, ఆకాశమంతా ఈలలు. అన్నిటి వెనకా ఒక జత. తోక మొదట్లో తెల్లగా మెరిసింది. నేను చూశాను.

"ఏవిరా నీ పెద్ద చిలువలు?" దశరథరామయ్యగారు తుపాకీ భుజానికెత్తారు.

"లేవండి బాబుగారూ. అన్నీ చిన్నవే. నేనే పొరబడ్డా."

ఆయన తుపాకీ దించి పకపకా నవ్వారు.

ఆయన వెళ్లాక నేను ఉండబట్టలేక, "ఎందుకలా అన్నావు ఏలీయా?" అని అడిగాను.

"వచ్చిందే రెండండి. ఒకటి పడితే రెండోది ఏమైపోద్దండీ?"

సోమవారం నుంచి బడిలో అతని పేరు పెద్ద చిలువ. పిల్లలూ అన్నారు, మాస్టర్లూ అన్నారు. అతను నవ్వుతూనే గంట కొట్టేవాడు. ఆ గంట చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అరవై ఆరులో అతని వీడ్కోలు సభలో దశరథరామయ్యగారు ఆ కథ మళ్లీ చెప్పి అందర్నీ నవ్వించారు. నేనూ నవ్వాను. బాతుల కోసమే నోరు విప్పలేదని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ నిజం అది కాదు. నా పుస్తకం తప్పని నలుగురిలో ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు.