మాటలు నేర్పిన నోటికి

మొన్న మంగళవారం పొద్దున దవాఖానా కిటికీ దగ్గర చీటీలు రాస్తుంటే ఫోన్ మోగింది. టీచరమ్మ కూతురు. "అక్కా, అమ్మ పోయింది" అని, ఇంకేమీ అనలేక పెట్టేసింది. వరసలో నిలబడిన ముసలాయన తన పేరు రెండుసార్లు చెప్పాడట. నాకు వినిపించలేదు.

మీలో ఎవరికీ టీచరమ్మ తెలిసి ఉండదు. బూర్గంపాడు నుంచి అడవి దారి పడితే వచ్చే బొగ్గు గని క్వార్టర్లలో, మా వరస చివరి ఇల్లు ఆమెది. చర్చి బడిలో ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాక, సాయంత్రాలు మాలాంటి పెద్దవాళ్లకు చెప్పేది. గనిలో పనిచేసే నా భర్త పోయాక నాకు దవాఖానాలో పని ఇచ్చారు. పదో తరగతి తప్పినదాన్ని. ఇంగ్లిష్ చీటీ చూస్తే చెమటలు పట్టేవి. ఆ ఉద్యోగం నిలబడి, నా ఇద్దరాడపిల్లలు ఇంత తింటున్నారంటే ఆమె చలవే.

చేరిన కొత్తలో కుర్ర డాక్టరును పెన్ను అడగబోయి "ప్లీజ్ బారో మీ యువర్ పెన్" అన్నాను. నర్సులంతా ఒకటే నవ్వు. ఏడ్చుకుంటూ వెళితే ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది, తలైనా ఎత్తలేదు.

"బారో అంటే తీస్కునుడు, లెండ్ అంటే ఇచ్చుడు. తోడికోడళ్లు బిడ్డా ఇవి. ఒక్కింట్లనే ఉంటరు గని, ఒకరి పని ఇంకొకరు చెయ్యరు. రేపు పొయ్యి ఆ డాక్టర్నే మళ్ల అడుగు."

"మళ్ల నవ్వుతరు టీచరమ్మా."

"నవ్వనియ్. నోరు మూసుకున్నోళ్లకు నేనేం నేర్పాలె?"

మర్నాడు అడిగాను. పెన్ను ఇచ్చాడు. ఎవరూ నవ్వలేదు.

కొత్త మాటను ముగ్గురు మనుషులతో వాడాకే నోట్‌బుక్కులో రాయనిచ్చేది. "మాట కూరగాయసొంటిది, దాస్తె కుళ్లుతది" అనేది. ఒకసారి ఆమె పప్పుచారు తిని, గుడ్ కుక్కర్ అని మెచ్చుకున్నాను. "వండే మనిషి కుక్కు, వండే గిన్నె కుక్కరు. ఇంకోసారి నన్ను కుక్కరన్నవంటె విజిలేస్త" అంది. తప్పు ఎన్నిసార్లు చేసినా విసుక్కున్నది నేను చూడలేదు.

పోయిన వానాకాలంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. ఖమ్మం తీసుకుపోయాం. కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. ఇంటికి వచ్చిన కొన్ని వారాలకు మాట తిరిగి వచ్చింది కానీ, దేని పేరు దానికి రాలేదు. నీళ్లు కావాలంటే "బస్సు" అనేది. దుప్పటి కావాలంటే "ఆదివారం" అనేది. మనం చెప్పేది అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నదే నోట్లోకి రాదు. రోజూ మాట్లాడిస్తూ ఉండమని డాక్టరు చెప్పాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని నేను పిచ్చిదాన్నయ్యాను. డ్యూటీ దిగగానే పరుగున వెళ్లి చెంచా, గిన్నె, దువ్వెన ఆమె ముందు పెట్టి పేర్లు అడిగేదాన్ని. తప్పు చెబితే గొంతు పెంచేదాన్ని. ఆమె బాగుపడకపోతే ఈ లోకంలో నాకు దిక్కులేదనిపించేది. ఒక సాయంత్రం ఆమె గ్లాసు వైపు చూసి "బస్సు" అంది. గ్లాసు నా చేతిలోనే పట్టుకున్నాను.

"నీళ్లు అను టీచరమ్మా. అంటేనే ఇస్త."

"బస్సు." పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "బస్సు... బస్సు." కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. అయినా ఇవ్వలేదు నేను. ఆమె కూతురు వచ్చి నా చేతిలోంచి గ్లాసు గుంజుకుంది.

"అక్కా, అమ్మకు దూపైతాంది. నీ పరీక్ష తర్వాత పెట్టుకో."

దాహంతో ఉన్న మనిషికి నీళ్లివ్వని ఈ చేతిని ఏం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరితో చెప్పుకున్నా తగ్గడం లేదు.

ఆ తర్వాత పేర్లు అడగడం మానేశాను. ఆమె మాటలే నేను నేర్చుకున్నాను. "బస్సు కావాల్నా?" అంటే తల ఊపేది. ఇరవై దాకా వచ్చాయి నాకు. ఇక బతికేస్తాం ఇద్దరం అనుకున్నాను.

పోయే ముందు రోజు, సోమవారం సాయంత్రం, ఆమె ఎప్పుడూ అనని మాట అంది. "బటన్."

నీళ్లు పట్టాను, కాదంది. దుప్పటి కప్పాను. కిటికీ తెరిచాను. జాకెట్టు గుండీలు సర్దాను. బైబిలు తెచ్చాను, కూతుర్ని పిలిచాను. "ఏంది టీచరమ్మా, ఏం కావాలె?" అని కాళ్లు పట్టుకున్నాను. ఇంట్లో ఉన్న సామానంతా మంచం దగ్గరికి మోశాను. ఏదీ కాదు.

ఆమెకు కోపం రాలేదు. నేను తప్పు వస్తువు తెచ్చిన ప్రతిసారీ తల అడ్డంగా ఊపి, నా ముఖంలోకి చూస్తూ, కొత్తగా చేరినవాళ్లకు చెప్పినట్టు, నెమ్మదిగా, విడదీసి, మళ్లీ చెప్పింది.

"బ... టన్."