గడియారం పక్కన చేరినవాళ్ళు

మా ఇంటికొచ్చిన చుట్టాలెవరూ "పోతున్నా" అనరు. "వెళ్ళొస్తా" అంటారు. అని, చెప్పులు తొడుక్కుని, గుమ్మంలో నిలబడి మళ్ళీ మొదట్నించీ మాట్లాడతారు. మా లాప్‌టాప్ కూడా ఆ మర్యాదే నేర్చుకుంది. ఏ ప్రోగ్రామునైనా పైన ఇంటూ గుర్తు నొక్కి మూసేస్తే, వెళ్ళొస్తానన్నట్టు తెర మీంచి తప్పుకుని, కింద గడియారం పక్కన చిన్న బొమ్మై కూర్చునేది. అలా కూర్చున్నవాళ్ళు అక్కడ చాలామందే ఉండేవారు.

మాది తెనాలి. నాన్న పౌరోహిత్యం చేస్తారు. జాతకాలు వెయ్యడానికని సెకండ్‌హ్యాండ్‌లో ఆ లాప్‌టాప్ కొన్నారు. ఇంటర్ దగ్గర చదువాపేసి డీటీపీ నేర్చుకున్న నేను దాన్ని సగం ఆక్రమించాను. నాన్న నన్ను కాదనలేదు. ఆయన ఎవరినీ కాదనలేరు, అదే వచ్చిన చిక్కు. జాతకాల సాఫ్ట్‌వేర్ అమ్మినాయన దాంతో పాటు ఒక పంచాంగం కూడా ఎక్కించి వెళ్ళాడు. బాపట్లలో ఇంజనీరింగ్ చదివే మా పెద్దనాన్నగారబ్బాయి, అంటే మా అన్నయ్య, సెలవులకొచ్చినప్పుడల్లా ఒక కొత్త యాంటీవైరస్ పెట్టేవాడు. పాతది తీసేస్తానంటే నాన్న ఒప్పుకునేవారు కాదు.

"ఉండనివ్వరా, వచ్చినవాణ్ణి పొమ్మంటామా?"

అలా ముగ్గురు కాపలావాళ్ళు పోగై, దొంగ కోసం ఒకరి జేబులొకరు వెతుక్కుంటూ ఉండేవారు. నేను మాత్రం తక్కువ తిన్నానా? తెర మీద ఏది వచ్చి అడిగినా "నెక్స్ట్, నెక్స్ట్, ఓకే" అని నొక్కేదాన్ని. ఎవరినైనా కాదనడం నాకూ నేర్పలేదు కదా.

ఇలా ఉండగా మా ఊళ్ళో కార్డులు వేసే ప్రెస్సాయన ఒక మాటన్నాడు. "రేపల్లె వాళ్ళ శుభలేఖ ఒకటుందమ్మా. వాళ్ళకి చూపించి, సాయంత్రం నేను ప్రెస్సు కట్టేసేలోపు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చావంటే, ఇకనుంచి కార్డుల పనంతా మీ ఇంటికే పంపిస్తా."

నాకు ఆ పని ఎందుకంత కావాలంటే, నాన్న అప్పటికే ఒక చీరల కొట్టాయనకి నన్ను పంపిస్తానని మాటిచ్చేశారు. అక్కడ పొద్దుటినుంచీ నేను కట్టుకోలేని చీరలు విప్పి చూపించాలి, మళ్ళీ మడతపెట్టాలి, నోరు మెదపకూడదు. చీరలైతే ఎలాగో మడతపెట్టేదాన్నే. నోరు మడతపెట్టుకోవడం నావల్ల కాదు.

ఆ మధ్యాహ్నం పెళ్ళికూతురి తండ్రి రేపల్లె నుంచి వచ్చి నా పక్కనే కుర్చీ వేసుకున్నాడు. రైతు. కార్డు అక్షరం అక్షరం చదివి, ఒకచోట వేలు పెట్టాడు.

"మా తోడల్లుడి పేరు కొంచెం పెద్దగా వెయ్యి తల్లీ. క్రితం పెళ్ళిలో చిన్నదైందని తినకుండా లేచెళ్ళిపోయాడు."

నేను ఆ పేరు పెద్దది చెయ్యబోయాను. అంతే. ఇసుకగడియారం తిరగడం మొదలైంది. కింద ఒక పసుప్పచ్చ బుడగ లేచింది.

"ఏంటమ్మా, ఏవంటంది?"

"మెమరీ చాలట్లేదంటోంది, బాబాయిగారూ."

"మా తోడల్లుడి పేరు పెట్టేసరికా? ఆయనెక్కడికెళ్ళినా అంతేలే. ఇంకెవరికీ చోటు మిగలదు."

నాన్న వచ్చి తొంగిచూశారు. "ఫొటోలు తీసెయ్యమ్మా, తేలికపడుతుంది" అన్నారు. అన్నవరం వెళ్ళినప్పటి ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా తీసేశాను. అది కొంచెమైనా తేరుకోలేదు. ఇక లాభం లేదని అన్నయ్యకి ఫోన్ చేశాను.

"ఫొటోలెందుకు తీశావే తింగరిదానా! అవి బీరువాలో సర్దిన బట్టలు. నీకిప్పుడు ఇరుకైంది మంచం మీద! దాని మీద ఎక్కి కూర్చున్న ప్రోగ్రాముల్ని లేపాలి. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కు."

నొక్కాను. చాలాసేపటికి జాబితా వచ్చింది. తెర మీద ఉన్నది ఒక్క కార్డు. జాబితాలో మాత్రం పెళ్ళిబంతిలో ఉన్నంత జనం, ఎవరెంత మెమరీ తింటున్నారో పక్కనే లెక్క.

"బాగా తినేవాణ్ణి పట్టుకుని ఎండ్ ప్రాసెస్ నొక్కు" అన్నాడు అన్నయ్య.

ఆ మీట మీది మాట నేను పైకి చదివాను. అదే నేను చేసిన పొరపాటు.

"ఎండ్ అంటే?" అన్నాడు పెళ్ళికూతురి తండ్రి.

"ముగించడం అండి."

ఆయన కుర్చీలోంచి లేచాడు. "పిల్ల శుభలేఖ ఎదురుగా పెట్టుకుని ముగించడం ఏంటి తల్లీ!"

నాన్న కూడా ఆయన పక్షమే. దీపం ఆరిపోతే కొండెక్కిందనీ, బియ్యం అయిపోతే నిండుకున్నాయనీ అనే ఇల్లు మాది. "ఆ మీట ముట్టుకోకమ్మా" అన్నారు.

"నాకు రైలు టైమవుతంది పంతులుగారూ. మా ఊళ్ళోనే వేయించుకుంటాలెండి" అంటూ ఆయన కండువా దులిపాడు. నా కళ్ళముందు చీరలు మడతలు మడతలుగా కదిలాయి.

"నాన్నా, వ్రతం అయ్యాక దేవుణ్ణి మీరు ముగించేస్తారా?"

"తప్పు! ఉద్వాసన చెప్తాం. వచ్చినచోటికి వెళ్ళి, మళ్ళీ రమ్మని సాగనంపుతాం."

"మరి వీళ్ళకీ అదే చెప్పండి."

నాన్న ఒక్క క్షణం ఆలోచించి, కాళ్ళూ చేతులూ కడుక్కొచ్చారు. కీబోర్డు మీద అక్షింతలు వద్దని బతిమాలాల్సొచ్చింది. నేను ఒక్కొక్కణ్ణీ నొక్కుతుంటే ఆయన "యథాస్థానం ప్రవేశయామి, పునరాగమనాయ చ" అంటూ సాగనంపారు. పెళ్ళికూతురి తండ్రి చేతులు జోడించి నిలబడ్డాడు. ఫోన్లో అన్నయ్య "ఏంటే ఆ మంత్రాలు? ఎవరికేమైంది?" అని అరుస్తున్నాడు. కాపలావాళ్ళలో ఇద్దరు వెళ్ళారు, మూడోవాడు మొండికేసి చివరికి వెళ్ళాడు. పంచాంగం వంతు వచ్చేసరికి నాన్న మంత్రం ఆపేశారు.

"అదుండనీ అమ్మా."

"ముహూర్తం ఎప్పుడో పెట్టించేశాంగా పంతులుగారూ, ఇంకా పంచాంగం ఎందుకండీ?" అన్నాడు పెళ్ళికూతురి తండ్రి.

పంచాంగమూ వెళ్ళింది. ఇసుకగడియారం ఆగింది. తోడల్లుడిగారి పేరు ఒక్కసారిగా ఉబ్బి, పెళ్ళికొడుకు పేరంత అయింది. "ఇప్పుడు తింటాడు" అని ఆయన రైలుకి పరిగెత్తాడు. నేను పెన్‌డ్రైవ్ పట్టుకుని ప్రెస్సుకి పరిగెత్తాను. షట్టరు సగం దించుతుండగా అందించాను.

మర్నాడు పొద్దున్నే ప్రెస్సు నుంచి ఇంకో కార్డు పని వచ్చింది. సంబరంగా లాప్‌టాప్ ఆన్ చేశాను. గడియారం పక్కన అందరూ వరసగా, కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. నేను నెత్తి పట్టుకున్నాను. నాన్న మాత్రం మురిసిపోయారు.

"చూశావా! మళ్ళీ రమ్మన్నాను, వచ్చారు."

అప్పటినుంచీ అందరిళ్ళలో పూజ చివర చెప్పే ఉద్వాసన, మా ఇంట్లో పని మొదట్లోనే చెప్తున్నాం. నేను రానని చీరల కొట్టాయనకి చెప్పి రమ్మంటే మాత్రం, నాన్న వెళ్ళి, కాఫీ తాగి, "తర్వాత వస్తుందిలెండి" అని చెప్పి వచ్చారు.