కట్టె లాక్కున్న డాక్టరమ్మ

జడ్చర్లలో నాకు కాలి కసరత్తులు నేర్పిన డాక్టరమ్మ పోయిందని మొన్న పొద్దున ఫోను వచ్చింది. గొర్రెలను దొడ్డి దాటించబోతున్నవాణ్ని, మళ్లీ లోపలికి తోలి బస్సెక్కాను.

ఆమె దగ్గరికి మొదటిసారి పోయేనాటికి ఆపరేషన్ చేసి నా కుడి మోకాలి కీలు మార్చి ఏడాది దాటింది. పాత నొప్పి పోయి కొత్తది వచ్చింది. చదును మీద నడిస్తే ఏమీ లేదు. మెట్టెక్కినా, కుర్చీలోంచి లేచినా మోకాలి చిప్ప ముందు సూది దిగేది. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు ఎక్స్‌రేలూ రక్తపరీక్షలూ చూసి, చీము లేదు, లోపలి కీలు వదులు కాలేదు, చిప్ప పక్కకు జరగలేదు అన్నాడు. మూడు నెలలు కసరత్తు చేయి, తగ్గకుంటే మళ్లీ తెరిచి చూద్దామన్నాడు. మళ్లీ తెరిస్తే మంద ఉండదు. అమ్మేద్దామని మా ఇంటామె అప్పటికే తీర్మానం చేసింది.

కూర్చుంటే లేవడం కష్టమని ఆ మొదటి రోజు ఆమె గది బయట గోడ పక్కన నిలబడ్డాను. డాక్టరమ్మ బయటికి వచ్చి, కాగితాలు అడగకుండా నా కాళ్ల వంక చూసింది.

"గా కొత్త కాలు పండుగకు దాసిపెట్టినవా తాతా?"

చూసుకుంటే బరువంతా ఎడమ కాలి మీదా కట్టె మీదా వేసి, కుడికాలు మడిచి ఉన్నాను. ఇక్కడ కొంచెం పక్కకు పోవాలి. గొర్రెలకాపరి నిలబడేదే అట్లా. మా బాపు ఆ తీరుగానే కునుకు తీసేవాడు. ఆ సంగతి మా పొట్టేలుకు ఒక్కదానికే తెలుసు. అదను చూసి పక్క చేన్లో పడేది. నేనేమో ఆపరేషన్ అయినప్పటి నుంచి కొత్త కాలికి రోజంతా సెలవిచ్చాను.

ఆమె టేపుతో రెండు తొడలూ కొలిచింది. కుడిది సన్నబడింది. చిప్పను సరిగ్గా నడిపించేది ఆ తొడ కండేనట.

"నొప్పి యాడున్నదో నువ్వు చెప్తవు. ఎందుకున్నదో నువ్వు నిలబడే తీరు చెప్తది," అని నా కట్టె లాక్కుని బీరువా పక్కన పెట్టింది. బదులుగా ఒక పొట్టి చేతికర్ర ఇచ్చింది, నడవడానికే తప్ప వాలడానికి పనికిరానిది. కట్టె లేకుంటే గొర్రెలు వినవన్నాను. నోరు మంచిగనే ఉన్నది కదా, దాంతో చెప్పమన్నది.

గొంగడి చుట్టి మోకాలి కింద పెట్టి తొడ బిగించడం, కాలు చాచి లేపడం, ఆ తర్వాత జానెడు ఎత్తు అరుగు ఎక్కి దిగడం. ఒక వారం చేయకుండానే చేశానన్నాను. "టేపుకు అబద్ధం రాదు తాతా," అన్నది.

మూడో నెల దాటకముందే యాదగిరిగుట్ట మెట్లు కాలినడకన ఎక్కాను. మా ఇంటామె వెనక రొప్పుతూ వచ్చింది. పైనుంచి ఫోను చేస్తే డాక్టరమ్మ మెచ్చుకోలేదు. చిప్పకు అసలు పరీక్ష దిగేటప్పుడేనట, దిగినంక చెప్పమన్నది. దిగి చెప్పాను. అప్పుడు నవ్వింది. ఆపరేషన్ తప్పింది, మంద నిలిచింది. కట్టె మాత్రం తిరిగి ఇవ్వలేదు; నాలాంటి కాపర్లు వస్తే చూపించడానికి కావాలన్నది.

హుజూర్‌నగర్ దగ్గర వాళ్ల ఊళ్లో మట్టి చేశారు. నాట్లు వేసే కూలీల బిడ్డ, ఊరంతా వచ్చింది. ప్రార్థన సాగుతుంటే ఎవరో కుర్చీ తెచ్చారు, వద్దన్నాను. ఆమె భర్త నన్ను గుర్తుపట్టి, ఆమె గది నుంచి కారులో వేసుకొచ్చిన నా కట్టె తెచ్చి చేతికిచ్చాడు.

పాత అలవాటు, దాని మీద చెయ్యి పడగానే ఒక కాలు లేచింది. కిందికి చూసుకున్నాను. లేచింది ఎడమది. ప్రార్థన అయ్యేదాకా కొత్త కాలి మీదే నిలబడ్డాను.