మట్టికట్టకు పడిన గండి

దేవనహళ్ళి దాటాక, మా ఊరి పక్కన కూలిపోయిన కోట ఒకటి ఉంది. దాని వెనక గుండ్రంగా చుట్టిన మట్టికట్ట. కోటకంటే అదే పాతదంటారు. అక్కడ ఎవరూ తవ్వకూడదని, పశువులను తోలకూడదని సర్కారు కన్నడంలో బోర్డు పెట్టింది.

నేను బడికి పోయే రోజుల్లో నాన్న ఆవుల కోసం ఆ కట్ట మీద గడ్డి కోసేవాడు. ఊళ్ళో చాలామంది కోసేవారు. ఒక మధ్యాహ్నం కట్ట పక్క తోట ఆసామి మనుషులతో వచ్చి, నాన్న నెత్తిమీది మోపు కిందికి తోయించాడు. జనం ముందు ఆ బోర్డును గట్టిగా చదవమన్నాడు. నాన్నకు కన్నడం మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. తడబడుతుంటే అందరూ నవ్వారు. అమ్మ కొంగు పట్టుకుని నేనూ చూశాను. కొన్నాళ్ళకే నాన్న ఆవులను అమ్మేశాడు.

నాన్న పోయాడు. నేను నర్సునయ్యాను. నిరుడు ఆ ఆసామి తోటలో కల్యాణ మంటపం కట్టి, కార్లు నేరుగా లోపలికి రావడానికి జేసీబీతో కట్టకు గండి కొట్టించాడు. మా డాబా మీద నుంచి వీడియో తీసి అధికారులకు పంపాను. చరిత్ర మీద ప్రేమతో కాదు. వాళ్ళు వచ్చి పని ఆపించేదాకా ఫోన్లు చేస్తూనే ఉన్నాను.

ఎవరు చెప్పారో, ఆసామి అల్లుణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. ముసలివాడైపోయాడు.

"ఏమ్మా, పాత మట్టి తీస్తే నీకేమైతాది?"

"గడ్డి కోస్తే నీకేమైందప్పా ఆ పొద్దు?"

"ఏ పొద్దు? ఏం గడ్డి?"

నిజంగానే ఆయనకు గుర్తులేదు. నా ఒళ్ళు మండిపోయింది. అల్లుడి ముందే అంతా చెప్పాను. మోపు, బోర్డు, నవ్వులు, ఏదీ వదల్లేదు. అల్లుడు తల దించుకున్నాడు. ఆసామి మాత్రం, "ఇంత చిన్నదానికా!" అన్నాడు. వాకిలి చూపించాను.

గండిని తన ఖర్చుతో పూడ్చాలని ఆసామికి హుకుం వచ్చింది. పూడ్చే రోజు సెలవు పెట్టి అమ్మతో కలిసి వెళ్ళాను. ఆయన ఎండలో చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. మట్టిని దిమ్మిసతో సరిగా కొట్టి గట్టిపరచలేదని అధికారి కసిరినప్పుడల్లా, "సరే సార్" అన్నాడు.

"ఇంక సాలు లేమ్మా, ఇంటికి పోదాం రా. పెద్దాయన వణకతా ఉండాడు," అంది అమ్మ.

"నువ్వు పో. నేను చూడాల," అన్నాను.

అమ్మ ఒక్కతే వెళ్ళిపోయింది. ఆఖరి తట్ట మట్టి పడేదాకా నేను కదల్లేదు. ఆయన ఒకసారి నా వైపు చూసి తల తిప్పుకున్నాడు. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగడం లేదు.